వింగర్ పోస్టు పోయినా.. పని పోలేదు!

2025 మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులను 3-0తో ఓడించిన భారత ఫుట్‌బాల్ జట్టు, ఆరు రోజుల తర్వాత అదే మైదానంలో బంగ్లాదేశ్‌పై ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1తో ఓడింది. అక్టోబరులో సింగపూర్‌తో ఒక మ్యాచ్ 1-1, ఇంకోటి 1-2. అక్కడితో 2027 ఆసియా కప్ ఆశలు ఆవిరయ్యాయి. మాల్దీవులతో ఆడింది స్నేహపూర్వక మ్యాచ్. అసలు లెక్కలోకి వచ్చే ఆ నాలుగు మ్యాచ్‌ల్లో మన జట్టు కొట్టింది రెండే గోల్స్.

ఇలాంటి ఫలితాలు వచ్చినప్పుడల్లా ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఓ పాత వాదన లేస్తుంది. ‘మనకు అసలైన వింగర్లు లేరు, అందుకే డిఫెన్స్‌ను చీల్చలేకపోతున్నాం’ అని ఒకరంటే, ‘వింగర్ల కాలం ఎప్పుడో పోయింది’ అని ఇంకొకరు. ఇది ఆటకు సంబంధించిన గొడవే. కానీ ఏ పోస్టుకు కాలం చెల్లిందో, ఏ కోర్సులో చేరాలో తేల్చుకోలేక మైత్రీవనం చుట్టూ తిరిగే మనకు కూడా ఇందులో పనికొచ్చే విషయం ఉంది. ముందు ఆట సంగతి చూద్దాం.

ఒక్కడు.. మూడు పనులు

సంప్రదాయ వింగర్ అంటే కుడికాలి వాటం ఉన్నవాడు కుడిపక్కన, ఎడమకాలి వాటం ఉన్నవాడు ఎడమపక్కన టచ్‌లైన్‌ను అంటిపెట్టుకుని ఆడేవాడు. ఎదురుగా ఉన్న డిఫెండర్‌ను దాటి, మైదానం చివరిదాకా పరిగెత్తి, గోల్ ముందుకు క్రాస్ కొడతాడు. జాగ్రత్తగా చూస్తే ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయి.

మొదటిది, ప్రత్యర్థి రక్షణను పక్కలకు సాగదీయడం. మైదానం వెడల్పు సాధారణంగా 68 మీటర్లు. పెనాల్టీ బాక్స్ వెడల్పు 40 మీటర్ల పైచిలుకు. అంటే బాక్స్‌కు అటూ ఇటూ దాదాపు 14 మీటర్ల చొప్పున ఖాళీ ఉంటుంది. అక్కడ ఎవరైనా నిలబడితే డిఫెండర్ అటు వెళ్లక తప్పదు. సాయంత్రం ఆరున్నరకు పంజగుట్ట చౌరస్తాను గుర్తుచేసుకోండి. బండ్లన్నీ నడిమధ్యలో ఇరుక్కుంటే ఎవరూ కదలరు. కొన్ని ద్వారకాపురి కాలనీ గల్లీల్లోకి మళ్లితే మధ్యలో కాస్త సందు దొరుకుతుంది. డిఫెండర్ల గుంపు కూడా అంతే. ఒకరిద్దరు పక్కకు జరిగితేనే మధ్యలో దారి తెరుచుకుంటుంది.

రెండో పని, ఎదురుగా ఉన్న మనిషిని ఒంటరిగా దాటడం. మూడోది, బంతిని గోల్‌కు ప్రమాదం తెచ్చే చోటికి చేర్చడం. పాతకాలపు వింగర్ ఈ మూడూ ఒక్కడే చేసేవాడు. ఇప్పుడు చాలా జట్లు వాటిని విడదీసి వేర్వేరు ఆటగాళ్లకు పంచుతున్నాయి.

క్రాస్‌లు 81.. ఫలితం డ్రా

మూడో పని ఒక్కటే చేస్తే ఏమవుతుందో 2014 ఫిబ్రవరి 9న ఓల్డ్ ట్రఫోర్డ్‌లో కనిపించింది. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో అప్పటికి అట్టడుగున ఉన్న ఫుల్హామ్‌పై మాంచెస్టర్ యునైటెడ్ ఏకంగా 81 క్రాస్‌లు కొట్టింది. మ్యాచ్ 2-2తో ముగిసింది. బంతి పక్కల నుంచి గాల్లో వస్తూనే ఉంటుందని ముందే తెలిస్తే, పొడవాటి డిఫెండర్లకు అంతకంటే తేలిక పని ఉండదు. కాబట్టి వింగ్ నుంచి ఎన్నిసార్లు బంతి కొట్టామన్నది అసలు కొలతే కాదు.

అలాగని వింగర్లు లేకపోతే గెలవలేమని కూడా చెప్పలేం. 1966లో ఆల్ఫ్ రామ్సే శిక్షణలో ఇంగ్లండ్ వింగర్లు లేకుండానే ఫైనల్ ఆడి, పశ్చిమ జర్మనీని 4-2తో ఓడించి ప్రపంచకప్ గెలిచింది.

హైదరాబాద్ చేసి చూపింది

మన దగ్గరి ఉదాహరణ ఇంకా బాగుంటుంది. 2020-21 సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఎడమ వింగ్‌లో లిస్టన్ కొలాసో ఉండేవాడు. డిఫెండర్‌ను డ్రిబ్లింగ్‌తో దాటడంలో దేశంలోని మేటి ఆటగాళ్లలో ఒకడు. 2021లో అతణ్ని ఏటీకే మోహన్ బగాన్ తీసుకుంది. ఇక హైదరాబాద్ దాడి చప్పబడుతుందనే ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌లో కోచ్ మనోలో మార్క్వెజ్ జట్టు 20 లీగ్ మ్యాచ్‌ల్లో 43 గోల్స్ కొట్టింది. సెమీస్‌లో లిస్టన్ కొత్త జట్టునే రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో ఓడించింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌పై 1-1 తర్వాత పెనాల్టీల్లో 3-1తో గెలిచి కప్పు ఎత్తింది.

మరి పక్కలకు సాగదీసే పని ఎవరు చేశారు? ఎక్కువగా ఫుల్‌బ్యాక్‌లు. ఎడమపక్కన ఆకాశ్ మిశ్రా, కుడిపక్కన ఆశిష్ రాయ్ వెనక నుంచి దూసుకొచ్చేవాళ్లు. వింగ్‌లో ఆడే అనికేత్ జాదవ్, మహ్మద్ యాసిర్ లాంటివాళ్లకు లోపలికి జరిగే స్వేచ్ఛ దొరికేది. మధ్యలో ఒగ్బెచే 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకున్నాడు. వింగర్ వెళ్లిపోయాడు కానీ అతని పని ఆగలేదు, చేతులు మారిందంతే.

ఇందులో ఇంకో కోణమూ ఉంది. మరుసటి సీజన్ సెమీస్‌లో అదే ఏటీకే మోహన్ బగాన్‌పై హైదరాబాద్ రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టలేక, పెనాల్టీల్లో 3-4తో ఇంటిదారి పట్టింది. అంతకుముందే ఆశిష్ రాయ్ కూడా కోల్‌కతా జట్టుకు వెళ్లిపోయాడు. ఒక్క మనిషి వల్లే ఇలా జరిగిందని తీర్పు చెప్పలేం. అయితే పనిని ఎంత బాగా పంచినా, దాన్ని చేయగలిగే మనుషులు కావాల్సిందేనన్నది మాత్రం నిజం.

స్పెయిన్‌ది రెండో పాఠం

2022 ప్రపంచకప్ ప్రీక్వార్టర్స్‌లో మొరాకోపై స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చింది. 120 నిమిషాలు ఆడినా గోల్ రాలేదు. పెనాల్టీల్లో 0-3తో ఓడింది. అదే స్పెయిన్ 2024 యూరోలో ఏడుకు ఏడు మ్యాచ్‌లూ గెలిచింది. ఈసారి కుడిపక్కన లామిన్ యమాల్, ఎడమపక్కన నికో విలియమ్స్ ఉన్నారు. ఫైనల్లో ఇంగ్లండ్‌పై తొలి గోల్ యమాల్ పాస్‌తో నికో కొట్టిందే.

‘చూశారా, వింగర్లు కావాల్సిందే’ అనొచ్చు. కానీ యమాల్‌ది ఎడమకాలి వాటం, ఆడేది కుడిపక్కన. నికోది కుడికాలి వాటం, ఆడేది ఎడమపక్కన. పాత నిర్వచనం ప్రకారం ఇద్దరూ సంప్రదాయ వింగర్లు కారు. వాళ్లు తెచ్చిన మార్పు రెండో పనిలో ఉంది. ఎదురుగా ఉన్న డిఫెండర్‌ను దాటే దమ్ము ఇద్దరికీ ఉంది. ఒకణ్ని దాటితే ఇంకొకడు సాయానికి రావాలి, అతను వదిలొచ్చిన చోటు ఖాళీ అవుతుంది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. పక్కలకు సాగదీసే పని ఎవరైనా చేయొచ్చు, వ్యూహంతో నడిచిపోతుంది. మంచి బంతిని అందించే పనినీ పంచుకోవచ్చు. మనిషిని దాటే పనికి మాత్రం వ్యూహంలో ప్రత్యామ్నాయం లేదు, ఆ నైపుణ్యం ఉన్నవాడు కనీసం ఒక్కడైనా జట్టులో ఉండాలి. అతని జెర్సీ మీద ఏ నంబరున్నా, కాగితం మీద ఏ స్థానం రాసున్నా ఫర్వాలేదు.

రహీం సాబ్‌కు ఎప్పుడో తెలుసు

హైదరాబాద్‌కు ఇది కొత్త విషయమేమీ కాదు. ఉపాధ్యాయుడిగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునూ, భారత జట్టునూ తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇదే చేశారు. కుడిపక్కన పీకే బెనర్జీ లాంటి నికార్సైన వింగర్ ఉన్నాడు. మన సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం లెఫ్ట్ వింగ్, ఇన్‌సైడ్ లెఫ్ట్, సెంటర్ ఫార్వర్డ్.. ఎక్కడ పెట్టినా ఆడేవాడు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా దింపారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి భారత్ స్వర్ణం సాధించింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి బెనర్జీది, ఇంకోటి జర్నైల్‌ది.

మాటలెందుకు.. డేటా తీయండి

పైథాన్, పవర్ బీఐ నేర్చుకుంటున్నవాళ్లు ఈ వాదనను సొంతంగా పరీక్షించుకోవచ్చు. స్టాట్స్‌బాంబ్ సంస్థ గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టిన మ్యాచ్ డేటాలో 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ కూడా ఉంది. అంటే హైదరాబాద్ కప్పు కొట్టిన సీజనే! ప్రతి పాస్, షాట్, డ్రిబుల్‌కూ ఒక వరుస ఉంటుంది.

ఆ డేటాలో మైదానం పొడవు 120, వెడల్పు 80 యూనిట్లు. పెనాల్టీ బాక్స్ 18 నుంచి 62 వరకు. కాబట్టి వెడల్పు విలువ 18 లోపు ఉంటే ఎడమ పక్క, 62 దాటితే కుడి పక్క. ప్రతి వరుసలో ఆటగాడి స్థానం పేరు ఒక గడిలో, బంతిని తాకిన చోటు ఇంకో గడిలో ఉంటాయి. స్థానం పేరు పక్కన పెట్టి, చోటును బట్టి లెక్కేయండి. పక్కల నుంచి బాక్స్‌లోకి వెళ్లిన బంతుల్లో ఫుల్‌బ్యాక్‌లవి ఎన్ని? వింగర్లవి ఎన్ని? వాటిలో షాట్ దాకా వెళ్లినవెన్ని?

ఒక పరిమితి మాత్రం మర్చిపోవద్దు. బంతిని తాకకుండా టచ్‌లైన్ దగ్గర ఊరికే నిలబడి డిఫెండర్‌ను లాక్కెళ్లిన ఆటగాడు ఈ డేటాలో కనిపించడు. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు ఈ సంగతి మీరే ముందు చెప్పండి. తన డేటా ఏం చెప్పలేదో తెలిసిన అభ్యర్థికి విలువ ఎక్కువ. అందరి రెజ్యూమేల్లో ఉండే టైటానిక్ ప్రాజెక్టు కంటే ఇది మిమ్మల్ని ఎక్కువసేపు మాట్లాడిస్తుంది కూడా.

ఫుట్‌బాల్ విశ్లేషకుల ఉద్యోగాలు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హైదరాబాద్ ఎఫ్‌సీ సైతం 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. కాబట్టి దీన్ని ఒక క్లబ్ కొలువు కోసం కాకుండా, డేటా అనలిస్ట్ ఉద్యోగానికి చూపించే పనిగానే చేయండి.

మీ కోర్సుకూ ఇదే లెక్క

అమీర్‌పేట బోర్డుల మీద కోర్సుల పేర్లు మారుతూనే ఉంటాయి. ఒకప్పుడు మాన్యువల్ టెస్టింగ్ నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు ఎందరో. ఇప్పుడు ఆ పనిలో కొంత డెవలపర్ రాసే యూనిట్ టెస్టుల్లోకి, కొంత ఆటోమేషన్‌లోకి వెళ్లింది. తప్పులు పట్టే అవసరం తగ్గలేదు, చేసేవాళ్లు మారారు. ఇక్కడా ‘మనిషిని దాటే’ పని ఒకటుంది. ఈ ప్రోగ్రామ్ ఏ ఇన్‌పుట్ ఇస్తే కూలుతుందో ముందే ఊహించగలగడం. టూల్ ఏదైనా ఆ నేర్పు మీతోనే వస్తుంది.

ఫీజు కట్టే ముందు ఓ గంట కేటాయించండి. మీరు కోరుకునే ఉద్యోగానికి సంబంధించి పది ప్రకటనలు తీసి, హోదా పేర్లను కొట్టేయండి. మిగిలిన పనులను ఒక కాగితం మీద రాయండి. పదింటిలో ఎక్కువసార్లు కనిపించిన మూడు పనులేవో చూసి, వాటిలో ఏది ఎంత లోతుగా నేర్పిస్తారో డెమో క్లాసులోనే అడగండి. సూటిగా జవాబు రాకపోతే పక్క మెట్లెక్కండి. అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్లకు కొదవ లేదు.