అంకెకు గోత్రం అడగండి

ఇరవై రెండేళ్ళ వయసులో నేనొక ఇంజన్ని చంపాను. విజయవాడ ఆటోనగర్‌లో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా. పాత జిప్సీ ఇంజను, 1298 సీసీ. కంపెనీ పోత పిస్టన్లు పీకేసి ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించాలని నా తాపత్రయం. పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు ఎంత వదలమంటావని బోరింగు మేస్త్రి అడిగాడు. ఎవరి నోటో విన్న అంకె నాలుక చివరే ఉంది. "పాయింట్ జీరో త్రీ" అనేశాను. అంటే మిల్లీమీటరును వంద ముక్కలు చేస్తే అందులో మూడు. ఆయన నా మొహం వంక ఒకసారి చూసి, "నీ ఇష్టం బాబూ" అని మిషన్ ఆన్ చేశాడు.

బండి స్టార్టయింది. ఆ మోత విని నేనే మురిసిపోయాను. వేడెక్కాక యాక్సిలరేటర్ గట్టిగా తొక్కిన మొదటిసారే కీచుమని పట్టేసింది. దించి చూస్తే పిస్టన్ పక్కలు గీరుకుపోయి, ఆ అల్యూమినియం బోరు గోడకి పూసినట్టు అంటుకుని ఉంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నేను చెప్పిన అంకె తప్పు కాదు. ఆ ఇంజన్లో కంపెనీ వేసిన పోత పిస్టన్‌కి అది సరైన అంకే. నేను వేసినవి 2618 అనే మిశ్రమంతో చేసినవి. అందులో సిలికాన్ దాదాపు ఉండదు. దెబ్బకు తట్టుకుంటుంది గానీ వేడికి బాగా ఉబ్బుతుంది. 4032 అనే ఇంకో మిశ్రమంలో 12 శాతం దాకా సిలికాన్ ఉంటుంది కాబట్టి తక్కువ ఉబ్బుతుంది, సందూ తక్కువే చాలు. రెండూ ఫోర్జ్‌డ్ పిస్టన్లే, పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. నా పిస్టన్లు వచ్చిన పెట్టెలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. 0.07 అని అందులో అచ్చేసి ఉంది. ఆ కాగితంలో పెట్టుకుని నేను మిరపకాయ బజ్జీలు తిన్నాను.

మనుషుల్ని కులగోత్రాలు అడగడం మనకి బాగా అలవాటు. ఆ అలవాటు మీతో ఆగిపోవాలి. అడిగే తీట తీరకపోతే అంకెల్ని అడగండి. ఏ ఇంజన్లో పుట్టావు? ఏ లోహం మీద, ఏ పెట్రోలుతో? నిన్ను కొలిచింది ఎవరు, దేంతో కొలిచారు? జవాబు చెప్పలేని అంకెని మీ బ్లాకు దరిదాపులకి రానివ్వకండి.

ఆక్టేన్ సంగతే చూడండి. అమెరికాలో ఇంజన్లు కట్టేవాళ్ళ పుస్తకంలో "ఈ కంప్రెషన్‌కి 91 ఆక్టేన్ చాలు" అని ఉంటుంది. మన బంకుల్లో మామూలు పెట్రోలు కూడా ఏళ్ళ తరబడి 91 ఆక్టేనే కదా అని మన కుర్రాడు హెడ్డు చెక్కించి కంప్రెషన్ పెంచేస్తాడు. ఎత్తు ఎక్కేటప్పుడు గోళీలు గలగల్లాడించినట్టు నాకింగ్ మొదలవుతుంది. మన 91 రిసెర్చ్ పద్ధతిలో కొలిచినది. అమెరికా బంకు మీద రాసేది రిసెర్చ్, మోటార్ అనే రెండు పద్ధతుల సగటు. వాళ్ళ 91ని మన లెక్కలోకి మారిస్తే 95, 96 దాకా తేలుతుంది. అంకె ఒకటే, పెట్రోళ్ళు వేరు. ఇప్పుడేమో ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వచ్చింది. ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి అని మనం బట్టీ పట్టిన సూత్రం దానికి పనికిరాదు. సుమారు 13.5 దగ్గర చూసుకోవాలి. పాత జెట్ల పట్టిక పెట్టుకుని కార్బొరేటర్ సర్దితే మిశ్రమం పలచబడుతుంది. పట్టిక రాసినాయన మోసగాడేం కాదు, ఆయన కాలం పెట్రోలుకి నిజమే రాశాడు.

హార్స్‌పవర్ అంకెల గురించి ఎక్కువ చెప్పను. అవి పెళ్ళిళ్ళలో చెప్పే జీతాల్లాంటివి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి విశాఖ తీరంలో కంటే ఇంచుమించు 6 శాతం తక్కువ. అదే ఇంజన్ని రెండు ఊళ్ళలోనూ డైనో ఎక్కించి, వాతావరణ సవరణ చేయకుండా పోల్చుకుంటే, విశాఖ కుర్రాడు ఊరికే గెలుస్తాడు.

కోయంబత్తూరు కరి ట్రాక్ మీద ఫార్ములా భారత్ పోటీకని కాలేజీ షెడ్డులో రాత్రుళ్ళు గడిపే పిల్లల్ని చూస్తే నాకు అసూయగా ఉంటుంది. పెట్రోలు కార్లకు వాళ్ళ నిబంధన చిత్రమైనది. ఇంజను 710 సీసీ దాటకూడదు. లోపలికెళ్ళే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే దూరాలి. ఆ సందులో గాలి ధ్వని వేగం అందుకుందంటే, ఇక మీరెంత పీల్చినా సెకనుకు 74 గ్రాములకు మించి రాదు. ఈ లెక్క మీ సెకండియర్ పుస్తకంతోనే వేయొచ్చు. ఇప్పుడు 373 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజను తీసుకోండి. 9000 ఆర్‌పీఎం దగ్గర అది సగటున పీల్చేది సెకనుకు 33 గ్రాములు. పరిమితిలో సగం కూడా లేదు. మరి ఎందుకు ఆయాసపడుతుంది? ఎందుకంటే అది నాలుగు స్ట్రోకుల్లో ఒక్కదాంట్లోనే పీలుస్తుంది. మిగతా మూడింటిలో వాల్వు మూసుకుని కూర్చుని, ఆ ఒక్కదాంట్లో గటగటా మింగుతుంది. అందుకే రంధ్రానికీ ఇంజనుకీ మధ్య గాలి నిలవుండే డబ్బా కావాలి. దాని సైజు గురించి సీనియర్ చెప్పింది వినండి, కాదనకండి. కానీ తెల్లకాగితం తీసుకుని మీ లెక్క మీరు వేయండి, ఆనక రెండు డబ్బాలు చేసి రెండూ బిగించి చూడండి.

రేసు ఇంజన్లు గీసిన కీత్ డక్‌వర్త్ చేసిందీ ఇదే. వాల్వుల్ని విశాలమైన కోణంలో విప్పార్చి పెడితేనే రేసు ఇంజను అని అందరూ నమ్మే రోజుల్లో, ఆయన 32 డిగ్రీలకు కుదించి కాస్‌వర్త్ డీఎఫ్‌వీ గీశాడు. 1967 జూన్ 4న జాండ్‌వోర్ట్‌లో తొలి రేసులోనే జిమ్ క్లార్క్ దాంతో గెలిచాడు. అందరూ గెలుపే చెబుతారు. అదే ఇంజనుతో అదే రేసులో ముందు నడిచిన గ్రాహమ్ హిల్, టైమింగ్ గేర్లు విరిగి ఆగిపోయాడు. డక్‌వర్త్ ఆ విరిగిన పళ్ళ వెంట పడ్డాడు. గేరు బలం చాలకపోవడం కంటే దాన్ని వణికిస్తున్న మెలి అసలు దొంగ అని పట్టుకున్నాడు. చివరికి గేరు నడిబొడ్డున, కొద్దిగా మెలితిరిగే సన్నటి ఉక్కు కడ్డీలు పెట్టి ఆ వణుకుని మింగించాడు. డీఎఫ్‌వీ మొత్తం 155 గ్రాండ్ ప్రీలు గెలిచింది.

మరి నమ్మదగిన మాట ఎక్కడ దొరుకుతుంది? అన్నిటికంటే ముందు ఆ ఇంజను సర్వీస్ మాన్యువల్. ఆ తర్వాత పార్టు పెట్టెలోని కాగితం, బజ్జీలకి వాడకండి. కాలేజీ లైబ్రరీలో దుమ్ము కొట్టుకుపోయిన, ఇంజన్ల మీద హేవుడ్ రాసిన పుస్తకం, 1988లో వచ్చింది, లావుగా ఉందని భయపడకండి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగానే ఉన్నాయి. మూడు వారాల్లో పవర్ రెట్టింపు చేస్తానని ఊదరగొట్టేవాడి కంటే, తన ఇంజను ఎందుకు పగిలిందో ఫొటోతో సహా చూపించేవాడు నాకు పదిరెట్లు నమ్మకస్తుడు.

ఇంకొకాయన ఉన్నాడు. ఇంజను పట్టేసిన సాయంత్రం బోరింగు షాపుకి వెళ్ళి, "అది చాలదని మీకు ముందే తెలుసా?" అని నిలదీశాను. చేతులు తుడుచుకుంటూ, "తెలుసు. నువ్వు అడగలేదుగా" అన్నాడు. వేల బోర్లు చూసిన చేతులవి. అప్పటికి నేను ఇంజనీరింగ్ పాసయ్యానని పొగరు మీదున్నాను. మీకు ఆ పొగరు వద్దు. ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. చెప్పింది నోటుబుక్కులో రాసుకోండి, తెలుగులోనే రాసుకోండి. ఆయన మాటనీ మైక్రోమీటరుతో సరిచూసుకోండి, ఆయనేం నొచ్చుకోడు. పోయిన పిస్టన్ ఎందుకు పోయిందో సిగ్గుపడకుండా రాసి, తేదీ వేసి, మీ వెనక వచ్చే కుర్రాళ్ళకి అప్పజెప్పండి.

రేపు బ్లాకు మోసుకుని బోరింగుకి వెళ్ళేటప్పుడు పిస్టన్లు కూడా పట్టుకెళ్ళండి. పిస్టన్ పూర్తిగా గుండ్రంగా ఉండదు, పైనుంచి కిందికి ఒకే కొలతా ఉండదు. కాగితంలో చెప్పిన ఎత్తు దగ్గర, పిన్నుకి అడ్డంగా కొలిపించండి. నాలుగూ విడివిడిగా కొలిపించి, ఏ పిస్టన్ ఏ బోరుకో నంబర్లు వేయించండి. అప్పుడు చెప్పండి మేస్త్రికి, మిషన్ ఆన్ చేయమని.