అది సోంబేరితనం కాదప్పా

మన ఊర్లలో మనిషిని కొలిచే కొలత ఒకటే. మిట్టమధ్యాహ్నం చేన్లో ఉన్నాడా, చెట్టు కింద పండుకున్నాడా అని. చేన్లో ఉంటే కష్టజీవి, పండుకుంటే సోంబేరి. ఆడమనిషైతే "ఒళ్లు వంగదు" అని ఇంకో మాట కలుపుతారు. ఆ కొలత అందరికీ సరిపోదు అని చెప్పడానికే ఈ పోస్టు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఒక జబ్బుంది, డాక్టర్లు ఎమ్మెస్ అంటారు. నాకు అది ఉందని తేలి నాలుగేళ్లయింది. మోటారు కేబుల్ మీద తొడుగును ఎలుకలు కొరికితే ఏమయితాది? మోటారు బాగానే ఉన్నా ఒకసారి ఆడుతాది, ఒకసారి ఆడదు. మెదడులో, వెన్నుపాములో, కంటికి పోయే నరం మీద కూడా అట్లాంటి తొడుగే ఉంటుంది. రోగాలతో కొట్లాడాల్సిన మన ఒంటి కాపలానే దారి తప్పి దాన్ని కొరుకుతాది. అంటురోగం కాదు, గాలి సోకడం కాదు. 2020 లెక్క ప్రకారం ప్రపంచంలో 28 లక్షల మందికి ఉంది. చలి దేశాల్లో ఎక్కువ, మన పక్క తక్కువ. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, అంటే సేద్యం చేసే వయసులోనే బయటపడతాది. మగోళ్ల కంటే ఆడోళ్లకు కనీసం రెండింతలు.

మన దగ్గర దీనికి పెట్టే పేరు "నరాల బలహీనత". ఒక సెలైను, రెండు బలం సూదులు. కొన్నాళ్లకు తగ్గుతాది కూడా. మోసం అక్కడే ఉంది. చానామందికి మొదట్లో ఇది దానంతట అదే తగ్గి, నెలలకో ఏళ్లకో తిరగబెడతాది. మనం సూదికి తగ్గిందనుకుంటాం. ఒక కన్ను నొప్పితో మసకబారినా, కాలో చెయ్యో రోజుల తరబడి తిమ్మిరెక్కినా, నడుస్తుంటే తూలినా అనంతపురమో బెంగళూరో పోయి నరాల డాక్టరుకు చూపించాల. షుగరున్నా, బి12 తక్కువైనా తిమ్మిరి వస్తాది, ఏదనేది ఆయనే తేల్చాల. పూర్తిగా నయం చేసే మందు లేదు గానీ, మాటిమాటికీ తిరగబెట్టకుండా చూసే మందులున్నాయి. బాగున్నాం కదా అని సొంతంగా ఆపేయొద్దు.

ఇంక అలసట. రాత్రంతా నిద్రపోయి లేచినా, పగలంతా శెనక్కాయ పెరికినట్టుంటాది ఒళ్లు. కట్టు లేదు, కర్ర లేదు, జ్వరం లేదు. చూసేవాళ్లకు ఏం కనపడతాది?

దానికి తోడు ఎండ. 1890లో జర్మనీలో ఊట్‌హోఫ్ అనే కంటి డాక్టరు, ఇట్లాంటి రోగులకు కష్టం చేసినాక చూపు మసకబారేది గమనించినాడు. అసలు కారణం ఒంటి వేడి అని తర్వాత తేలింది. అర డిగ్రీ పెరిగినా చాలు. ఎమ్మారై లేని కాలంలో మనిషిని వేణ్ణీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి ఈ జబ్బును పరీక్షించేవాళ్లంట. బెళుగుప్పలో ఏప్రిల్ నెల చేను రోజూ చేసే పరీక్ష అది! ఒళ్లు చల్లబడితే చూపు, కాళ్లు మళ్లా దారికొస్తాయి. ఒక రోజు దాటినా రాకపోతే డాక్టరు దగ్గరికి పోవాల.

నీళ్లు తక్కువున్న బోరును ఎట్ల ఆడిస్తాం? గంట ఆడించి, ఆపి, ఊరనిచ్చి మళ్లా ఆడిస్తాం. నేను చేసేదీ అదే. తెల్లారి 5 నుంచి 9 దాకా డ్రిప్పు వాల్వులు, కలుపు. ఎండపొద్దు మెడకు తడిగుడ్డ వేసుకుని నీడలో శెనక్కాయ వలిచేది, లెక్కలు రాసేది. సాయంత్రం ఓపికుంటే మళ్లా చేను. పని మానేయమని ఏ డాక్టరూ చెప్పలేదు.

ఆడోళ్ల కష్టం ఇంకోటుంది. ఈ జబ్బులో ఒంటేలు ఆపుకోలేకపోవడం మామూలు. చెట్టూ పుట్టా లేని మన బయలు చేన్లలో యాడికి పోతారు? అందుకని నీళ్లు తాగేదే మానేస్తారు. తాగకపోతే ఎండకు ఇంకా పడిపోతారు. ఈ సంగతి మనం అడగం, వాళ్లు చెప్పరు. శ్రీశైలం నుంచి జీడిపల్లి రిజర్వాయరు దాకా కృష్ణా నీళ్లు తెప్పించుకున్నోళ్లం, పదిమంది కూలికొచ్చే చేను గట్టున నాలుగు గుంజలు పాతి చీర కట్టలేమా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఎమ్మెస్ పేరు అందులో ఉంది. సదరం సర్టిఫికెట్లో 40 శాతం ఉంటే పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు, 2024 జులై నుంచి అది నెలకు 6000. చిక్కేమంటే ఈ జబ్బు రోజుకో తీరు. పరీక్ష రోజు నడక బాగుంటే మనిషి బాగున్నట్టే కనపడతాడు. ఒక్క రోజు చూసి కాకుండా, ఏడాది కాగితాలు చూసి శాతం వేయాలనేది నా అభిప్రాయం. అంతవరకు ఎమ్మారై, ఆస్పత్రి చీటీలు ఒక్కటి కూడా పారేయకుండా పెట్టుకోండి.

వాన పడితే కలుపు పనులు మొదలైతాయి. మేస్త్రిలకు నాదొక మాట. ఇట్లాంటి మనిషి 9 దాకా పని చేసి ఇంటికి పోతే ఒంటిపూట కూలి రాయండి, గుంపులో నుంచి మాత్రం తీసెయ్యొద్దండి. మా చేన్లో ఈసారి అట్లనే రాస్తున్నాం.