వేగమునకు ముందు రక్ష

జపానుదేశపు రైళ్లను గూర్చి మన యిండ్లలో ప్రసంగము వచ్చినపుడెల్ల మొదట వినవచ్చు ప్రశ్న, అవి గంటకెంత దూరము పోవుననునదియే. 2015వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీన అయస్కాంతశక్తిచే పట్టాల నంటక పోవు బండి యొకటి అచ్చట గంటకు 603 కిలోమీటర్ల వేగమందినదని బడిపిల్లలు సైతము చెప్పగలరు. ఆ దేశపు బండ్లు ఒకదానితో నొకటి యేల ఢీకొనకున్నవి, భూమి కంపించినపుడు ప్రయాణికుల గతి యేమి, రాత్రివేళ పట్టాలను పరీక్షించువా రెవ్వరు అని యడుగువారు మిక్కిలి అరుదు. కీడెంచి మేలెంచవలెనని మన పెద్దలు చెప్పిన మాటను జపానువారు ఇనుపదారిపై ఆచరించి చూపిరి. మనమో, కీడెంచుట మాని మేలు మాత్రమే యెంచుచున్నాము. ఈ వైపరీత్యమును గూర్చియే మేము నేడు, నిష్ఠురమైనను సరే, నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఇది చెప్పుటకు దూరదేశము పోనక్కరలేదు. హైదరాబాదునకు ఉత్తరముగా, శామీర్‌పేట ప్రాంతమున, తుర్కపల్లి యను గ్రామమున్నది. 1999లో ప్రారంభమైన జీనోమ్ వ్యాలీ అచ్చటిదగుటచే ఆ యూరిపేరు దేశాంతరములకు తెలిసినది. 2021లో కోట్లకొలది జనులకు వేసిన కోవాక్సిన్ టీకాను చేసిన భారత్ బయోటెక్ సంస్థ కూడ ఆ క్షేత్రముననే యున్నది. టీకా యనగా నేమి? జబ్బుపడిన వానికిచ్చు మందు గాదు. జబ్బు రాకుండుటకై ఆరోగ్యవంతున కిచ్చు రక్ష. మశూచికమును అమ్మవారని మ్రొక్కి, టీకా వేయువానిని గుమ్మములోనికి రానీయని యిండ్లు ఒకనాడు మనవే. ఆ మౌఢ్యము తొలగుటకు ఎందరో శ్రమించిరి. నేడు చంటిబిడ్డకు టీకావేయు తేదీ తప్పిపోయిన తల్లిదండ్రులు కలవరపడుదురు. కాని అదే బిడ్డ బడికిపోవు బస్సు రైలుకట్టను దాటుచోట గేటున్నదా, కాపలావాడున్నాడా అని ఆ తల్లిదండ్రులే యడుగరు. దేహమునకు కలిగిన జ్ఞానము దారికేల కలుగకున్నది?

తుర్కపల్లికి రైలు స్టేషను లేదు. ఆ ప్రాంతమునకు పడమటగా పోవునది సికిందరాబాదునుండి నిజామాబాదునకు పోవు మార్గము. బొల్లారము, మేడ్చల్, మనోహరాబాదు, మాసాయిపేట ఆ మార్గములోనివే. 2014 జూలై 24వ తేదీ యుదయమున మాసాయిపేటకడ కాపలాలేని చోట కట్ట దాటుచున్న బడిబస్సును నాందేడునుండి వచ్చుచున్న ప్యాసింజరు బండి ఢీకొనెను. పదిమందికి మించిన పిల్లలు మరణించిరి. అప్పుడు కొందరు డ్రైవరును నిందించిరి. కొందరు విధిని నిందించిరి. డ్రైవరు తప్పుచేసినను పిల్లల ప్రాణము పోకుండునట్లు అచ్చట ఏ యేర్పాటైన నుండెనా అని యడిగినవారు ఎందరు? బ్రాడ్‌గేజి మార్గములలో కాపలాలేని దాటుచోటులను తొలగించు పని దేశమంతట 2019 జనవరి నాటికి పూర్తియైనది. అది మెచ్చదగిన కార్యమే. అయినను మాసాయిపేట తల్లుల కది అయిదేండ్లు ఆలసించిన టీకా.

ఇక జపాను మాట. ఆ దేశమున మొదటి రైలు 1872లో షింబషి, యోకొహామాల నడుమ నడచెను. మన నిజాము రాజ్యమున వాడినుండి సికిందరాబాదు దాక 1874లో రైలు వచ్చెను. ఎడమ రెండేండ్లే. వారికిని మనకును ఈ విద్య నేర్పినవారు ఇంగ్లీషువారే. అట్లయ్యు నేటి భేద మెందుచే వచ్చినది? జపానువారు పుట్టుకతో మనకంటె బుద్ధిమంతులని యనుట వట్టిమాట. వారి దారులపైనను ఘోరములు జరిగినవి. 1962 మే 3వ తేదీన టోక్యో నగరములోని మికవషిమాకడ మూడు బండ్లు ఒకదానిపై నొకటి పడి 160 మంది మరణించిరి. భేదమంతయు అటు పిమ్మట వారు చేసినదానియందున్నది. డ్రైవరు ఎఱ్ఱదీపమును చూడక ముందుకు పోయినను బండి తనంత నిలుచు నేర్పాటును, 1966 నాటికి తమ జాతీయ రైల్వే మార్గములన్నిటను అమర్చిరి. నాలుగేండ్లలో! మనుష్యుడు పొరపడుట సహజమని యొప్పుకొని, ఆ పొరపాటు ప్రాణహాని కాకుండ జేయుటయే వారి నూతనకల్పన.

1964 అక్టోబరు 1వ తేదీన టోక్యోకును ఒసాకాకును నడుమ, 515 కిలోమీటర్ల దూరమున, గంటకు 210 కిలోమీటర్ల వేగముతో షింకన్‌సెన్ బండ్లు కదలినవి. లోకము వేగమును చూచి అబ్బురపడినది. కాని ఆ దారి నెట్లు కట్టిరో చూడుడు. ఆ మార్గము పొడవునను రోడ్డు పట్టాలను దాటుచోటు ఒక్కటియు లేదు. రోడ్లన్నియు క్రిందనో మీదనో పోవును. గూడ్సుబండ్లకు ఆ దారిలో తావు లేదు. అంత వేగమున పోవువానికి దారిప్రక్క దీపము కానరాదు గనుక, ఎంత వేగము పోదగునో డ్రైవరు ముందరనే చూపు ఏర్పాటు చేసి, దానిని మించినచో బ్రేకు తనంత పడునట్లు అమర్చిరి. నడిరేయి మొదలు వేకువవరకు బండ్లను నిలిపి పట్టాలను మరమ్మతు చేయుదురు. ఇట్లు చేయుటచే, ఆ నాటినుండి నేటివరకు బండ్లు ఢీకొనుటవలన గాని పట్టాలు తప్పుటవలన గాని షింకన్‌సెన్‌లో ఒక్క ప్రయాణికుడును మరణింపలేదు. 2011 మార్చి 11వ తేదీని వచ్చిన మహాభూకంపమున సైతము, సముద్రతీరమున నాటిన యంత్రములు కంపమును ముందుగా పసిగట్టి విద్యుత్తును నిలుపగా, బండ్లు వేగము తగ్గి నిలిచినవి. వానిలోని ప్రయాణికులు బ్రతికిరి.

మరియొక విశేషము. ఈ దారిని పట్టుబట్టి కట్టించిన రైల్వే అధ్యక్షుడు సొగో షింజి, ప్రధాన ఇంజనీరు షిమా హిదెయొ, వ్యయము అంచనాను మించిపోవుటచే 1963లోనే పదవులు విడిచిరి. మరుసటి యేడు తొలిబండి కదలునాడు వారు ఆ కొలువులో లేరు. శిలాఫలకముపై పేరుకై పెనగులాడు మన నాయకులు ఈ చరిత్రను చదువుదురు గాక.

"వారు ధనవంతులు, మనము బీదలము" అని కొంద రందురు. ఆ మార్గమునకై 1961లో జపాను ప్రపంచబ్యాంకువద్ద 8 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకొన్నదని వారు మరతురు. మఱికొందరు "అట్టి యంత్రములు మనకెక్కడివి?" అందురు. ఈ మాట హైదరాబాదువారు పలుకుట వింతలలో వింత. రైలు సంకేతవిద్యను నేర్పు జాతీయ శిక్షణాలయము 1957నుండి సికిందరాబాదుననే యున్నది. ఎదురెదురుగ వచ్చు బండ్లను తనంత నిలుపు "కవచ్" అను మన దేశపు యంత్రమును దక్షిణ మధ్య రైల్వేలోనే, లింగంపల్లి, వికారాబాదు, వాడి మార్గములలో పరీక్షించిరి. 2020లో దానిని దేశమంతటికి రక్షణయంత్రముగ నంగీకరించిరి. 2022 మార్చి 4వ తేదీన గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషనుల నడుమ రెండు ఇంజనులను ఒకే పట్టాపై నెదురెదురుగ నడుపగా, రైల్వేమంత్రి యెక్కిన ఇంజను రెండవదానికి 380 మీటర్ల దూరముననే తనంత నిలిచెను. తొలుత దానిని చేయుట కనుమతి పొందిన మూడు సంస్థలును, మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్, హైదరాబాదువే. వానిలో హెచ్.బి.ఎల్. కర్మాగారము శామీర్‌పేట ప్రాంతముననే, తుర్కపల్లికి పోవు త్రోవలోనే యున్నది. దేహమునకు టీకాయు, దారికి టీకాయు ఒక్క మండలపు పొలిమేరలలోనే తయారగుచుండ, యంత్రము లేదనుట న్యాయమా?

లేనిది యంత్రము కాదు, త్వర. 2024 ఆరంభమునాటికి కవచ్ అమర్చిన మార్గము 1,465 కిలోమీటర్లు. దేశమందలి రైలుమార్గము 68,000 కిలోమీటర్లకు పైబడినది. పిమ్మట 2025 జూలైలో మథుర, కోట పట్టణముల నడుమ దాని క్రొత్తరూపము నమర్చిరి. పని సాగుచున్నదనుట నిజమే. కాని 2023 అక్టోబరు 29వ తేదీన విజయనగరము జిల్లాలో కంటకాపల్లి, అలమండల నడుమ, ముందు మెల్లగా పోవుచున్న పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనుకనుండి గ్రుద్దగా 14 మంది మరణించిరి. ఆ దారిలో కవచ్ లేదు. చనిపోయినవారు విమానములెక్కువారు గారు. ప్యాసింజరు బండి తప్ప వేరుదారి లేని మన పల్లెలవారు.

కవచ్ ఒక్కటియే సర్వరోగ నివారిణియని మేమనము. అదే సంవత్సరము జూను 2వ తేదీన ఒడిశాలోని బాహనగాకడ 290 మందికి పైగా బలిగొన్న ప్రమాదమునకు మూలము, సంకేతపు తీగలను మార్చుటలో జరిగిన పొరపాటు. పచ్చదీపము చూచి కోరమాండల్ బండి గూడ్సుబండిపైకి పోయినది. అట్టి తప్పునకు మందు, చేసినపనిని వేరొకరు పరీక్షించి తీరవలెనను కట్టుబాటే. షింకన్‌సెన్ రాత్రిపనిలో కానవచ్చు గుణమిదియే. దీనిని కొనుటకు అప్పు చేయనక్కర లేదు.

జపానును దేవతగా నిలిపి పూజింపుడని కూడ మేము చెప్పుట లేదు. 2005 ఏప్రిలు 25వ తేదీన ఆ దేశపు అమగసాకి నగరమున, నిమిషమున్నర ఆలస్యమును పూరింపనెంచిన 23 ఏండ్ల డ్రైవరు, 70 కిలోమీటర్లకు మించి పోరాని మలుపును 116 కిలోమీటర్ల వేగమున తిప్పబోగా బండి పట్టాలుతప్పి యొక మేడను గ్రుద్దుకొనెను. డ్రైవరుతో కూడ 107 మంది మరణించిరి. ఆలస్యము చేసిన సిబ్బందిని శిక్షణయను పేర అవమానించు నలవాటు ఆ సంస్థలో నుండెననియు, ఆ మలుపుకడ అధికవేగము నాపు క్రొత్తయంత్రము లేకుండెననియు తరువాత తేలినది. రక్షను వేగమునకు వెనుక నిలిపిననాడు జపానైనను ఒక్కటే, మనమైనను ఒక్కటే.

ముంబయి, అహమ్మదాబాదుల నడుమ 508 కిలోమీటర్ల షింకన్‌సెన్ మార్గమునకు 2017 సెప్టెంబరు 14వ తేదీన శంకుస్థాపన జరిగినది. వ్యయము లక్షకోట్ల రూపాయలకు పైమాట. హైదరాబాదునకును అట్టి బండి రావలెనని మనవా రుబలాటపడుచున్నారు. రానిండు, వలదనువారము గాము. కాని పెరటిబావికి పిట్టగోడ కట్టింపక వీధిగుమ్మమునకు నగిషీలు చెక్కించు గృహస్థు నేమందుము? 2023 ఏప్రిలులో మేడ్చల్ వరకు ఎమ్.ఎమ్.టి.ఎస్. బండ్లు వచ్చినవి. దినదినము పనివారిని మోయు ఇట్టి బండ్లు వేళకు నడచుట, వాని దారులన్నిట రక్షణయంత్రముండుట మొదటి పని. మూడువందల కిలోమీటర్ల వేగము ఆ తరువాతి పని.

చదువరులారా, మన కోరికలనుబట్టియే పాలకులు నడతురు. ఓటడుగ వచ్చినవారిని "బులెట్ బండి యెప్పుడు?" అని యడిగినంతకాలము వారు బులెట్ బండి బొమ్మనే చూపుదురు. మన యూరి మార్గమున కవచ్ ఎన్నటికి వచ్చును, మన పిల్లలబస్సు దాటుచోట వంతెన యెప్పుడు కట్టుదురు, పట్టాలు కాచు పనివారి ఖాళీలు నింపిరా అని తల్లులు, తండ్రులు ఒక్కగొంతుకతో నడిగిన యెడల ఉత్తరము చెప్పక తప్పదు. టీకా కొఱకు వరుసలలో నిలిచిన జనమునకు ఈపాటి ప్రశ్న వేయుట కష్టము గాదు. మాసాయిపేట పిల్లలు బ్రతికియుండిన నేడు కళాశాలలలో చదువుచుందురు. వారి తరువాతి పిల్లలకైనను, వేగమునకు ముందు రక్షను ఇమ్మని గట్టిగా నడుగుదము.