ఎక్కని సైకిల్‌కు మరమ్మతు ఎందుకు?

మొన్న కోరుట్లలో ఒక వలీమాకు పోయాను. షాదీఖానా గేటు దగ్గర పూలదండ వేసి పాత అట్లాస్ సైకిల్ నిలబెట్టారు. నల్లరంగు నిగనిగలు, తళతళలాడే హ్యాండిలు. దుల్హా దాదాజాన్‌దట. పిల్లలు పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. "ఒక చక్కర్ కొట్టనా?" అంటే దుల్హా తమ్ముడు నవ్వాడు: "వద్దు మామూ, నడుం ఇరుగుతది. నుమాయిష్‌కే పెట్టినం." పక్కనున్న ఇంకో సాహెబ్‌ది ఉల్టా మాట: "స్టీలు ఫ్రేమంటేనే ఆరామ్ భాయ్, అల్యూమినియంలో ఆ లుత్ఫ్ ఎక్కడిది?"

రెండూ గలత్. మొదటిదైతే మన బుజుర్గుల మీద తోహ్మత్ కూడా.

స్టీలులో జాదూ ఏమీ లేదు. గుంతలో పడ్డప్పుడు టైరు, సీటు స్ప్రింగులు కుంగేదాని ముందు ఆ ఫ్రేము కుంగేది లెక్కలోకే రాదు. స్టీలుకు కొంత హక్కు ఉందంటే ముందుకు వంగిన ఫోర్కులోనే. అసలు ఆరామ్ వేరేచోట ఉంది: 28 అంగుళాల చక్రాలు, ఒకటిన్నర అంగుళాల టైర్లు, స్ప్రింగుల మీద తోలు గద్దీ, రెండు చక్రాల మధ్య దూరం, చేతుల మీద బరువు పడకుండా నిటారుగా కూర్చునే తీరు. 1887లో డన్‌లప్ గాలి టైరు చేసిందే కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు చూడలేక.

మా అబ్బాకు ఈ కిస్సా తెలియదు. హవా సంగతి మాత్రం తెలుసు. జగిత్యాలలో అమ్మీ చుట్టిన బీడీలు కార్ఖానాకు ఇచ్చిరావడానికి ఇద్దరూ సైకిల్ మీదే పోయేవారు. క్యారియర్ మీద దుప్పటి మడత, దానిమీద అమ్మీ, ఒళ్లో బీడీల గంప. అబ్బా కింద స్ప్రింగులున్నాయి, అమ్మీ కింద లేవు. ఆమెకున్న ఆరామ్ అంతా వెనక టైరులోని హవానే. అందుకే ఆమె ఎక్కేముందు అబ్బా బొటనవేలితో టైరు నొక్కి చూసేవాడు. రిమ్ము నేలకు తగలొద్దు, బండి రాయిలా ఎగరొద్దు.

వలీమా సైకిల్‌ను చివరికి ఎక్కాను. నిజంగానే నడుం విరిగింది! తోలు గద్దీ పీకేసి చవక ఫోమ్ సీటు బిగించారు. టైర్లలో రాయిలా హవా కొట్టారు. చక్రం వంకర తీయలేదు. ఖర్చంతా రంగుకే పోయింది. దీన్ని మరమ్మతు అనడానికి నాకు జబాన్ రాదు. పైగా తప్పు పాత సైకిల్‌దట!

నా సైకిల్‌కూ ఒక దుకాణంలో ఇదే హాల్ చేశారు. సిరిసిల్లలో సాంచాల గల్లీలో ఒక ముసలి ఉస్తాద్ దాన్ని దారికి తెచ్చాడు. రంగు ముట్టలేదు. పుల్లలు బిగించి చక్రం సాఫ్ తిప్పాడు, తోలు సీటు కుదిర్చాడు, ముందు టైరులో కొంచెం గాలి తీశాడు. అంతే. వానలో స్టీలు రిమ్ముల మీద బ్రేకు సరిగా పట్టదు, అది ఒప్పుకోవాల్సిందే.

అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ కార్ఖానా 2020 జూన్ 3న బందయింది, అదీ ప్రపంచ సైకిల్ దినం నాడు. ఇంట్లో ఉన్నది పూలదండకు ఇచ్చేస్తే మళ్లీ ఎక్కడ తెస్తాం?

దుల్హా తమ్ముడికి చెప్పాను, సైకిల్‌ను సిరిసిల్లకు పట్టుకురమ్మని. ఆ ఫోమ్ సీటు అక్కడే పారేద్దాం. తోలు గద్దీ నా దగ్గర ఇంకొకటి ఉంది.