తెరవెనుక సూది

నేపథ్యమను సంస్కృతపదమునకు రెండర్థములు గలవు. తెరవెనుక నుండు అలంకరణగృహ మొకటి, అచ్చట నటుడు ధరించు వేషము రెండవది. భరతముని అభినయమును నాలుగు విధములుగ విభజించి, ఆంగిక వాచిక సాత్త్వికముల సరసనే ఆహార్యమును నిలిపెను. పూర్వు లింతగా గౌరవించిన యీ కళను చేతితో నడపువా డెవడో నేడు మనకు దెలియదు. కరపత్రమున పాత్రధారుల పేర్లుండును, హార్మనీ వాయించువాని పేరుండును, చందాలిచ్చిన పెద్దల పేర్లు పెద్దయక్షరములలో నుండును. ఒక్కొక్కప్పుడు అడుగున ‘డ్రెస్సులు ఫలానా కంపెనీవారివి’ అనియు నుండును. ఆ డ్రెస్సును కుట్టిన చేయి యెవరిదో, చీకటిలో దాని ముడి బిగించిన చేయి యెవరిదో యుండదు. పేరులేనివానికి కష్టము వచ్చినపుడు ఆ కష్టమునకును పేరుండదు. అట్టి కష్టమొకటి యిప్పుడు వచ్చుచున్నది.

వేషసామగ్రి పని రెండు పాళ్లు. పగటిపని యొకటి, రాత్రిపని యొకటి. మఖమలుపై జరీయల్లిక, చెమ్కీలు కుట్టుట, భుజకీర్తులకు అట్ట గోయుట, కిరీటమునకు తళుకు అంటించుట, చినిగినదానిని బాగుచేయుట పగటిపని. నాటకమాడు రాత్రి తెరవెనుక జరుగునది రెండవది. హరిశ్చంద్రుడు రాజ్యము ధారవోసి కాటికాపరియై రావలెను. ప్రేక్షకులు పద్యమునకు ‘వన్సుమోర్’ కొట్టుచుండగా తెరవెనుక నొకడు రాజవస్త్రములు విప్పి గొంగడి చేతికందించును. ఒక్కరాత్రి నాటకములో ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు రంగమెక్కుదురు. వారిలో నొకరు బక్కపలుచన, ఒకరు స్థూలకాయులు. ఉన్న అంగీని ఇరువురికిని సరిపెట్టునది పిన్నీసు, దారము, పనివాని కన్ను. ఈ నేర్పునకు బడి లేదు, పుస్తకము లేదు.

యంత్రము ముందుగా దేనిని పట్టుకొనునో చూడుడు. చట్రములో బిగించిన గుడ్డ కదలదు. కావున కంప్యూటరు ఎంబ్రాయిడరీ యంత్రము అల్లికపనిని సులభముగ లోబరచుకొన్నది. ఒకే పనివాడు కనిపెట్టుచుండగా ఇరువది తలల యంత్రము ఇరువది గుడ్డలపై ఒకే నెమలిని ఒకేసారి కుట్టును. లేసరు కత్తెర యట్టను వెండ్రుకవాసి తప్పక కోయును. కృత్రిమమేధ నడిగిన క్షణములో పది కిరీటముల బొమ్మలు గీసియిచ్చును. కాని చట్రము విడిచిన గుడ్డ పట్టుకొన్నచోటనెల్ల వంగును, జారును, ముడుతపడును. ఊపిరి పీల్చుచు చెమటోడ్చుచు తొందరపడుచున్న నటుని యొడలిపై నున్న గుడ్డను సవరించుటకు నేటికిని యంత్రమునకు చేతగాదు. అనగా పగటిపని పోవుచున్నది, రాత్రిపని నిలుచుచున్నది.

2013వ సంవత్సరమున ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు జెందిన ఫ్రే, ఆస్బర్న్ అను నిరువురు పండితులు 702 వృత్తులను పరిశీలించి, అమెరికాలోని యుద్యోగములలో నూటికి 47 యంత్రముల పాలగు ప్రమాదమున నున్నవని వ్రాసిరి. వారి పట్టికలో చేతికుట్టు పనివానికి నూటికి 99 పాళ్లు, నాటకవేషములు కనిపెట్టియుండువానికి 61 పాళ్లు, నటులకు రంగువేయువానికి 1 పాలు ప్రమాదము. ఇవి యంచనాలే గాని విధివ్రాతలు గావు. అయినను ఆ పట్టికను చూచి, రాత్రిపని నిలుచుచున్నది గదా, భయమేల యని కొంద రనుచున్నారు. వారు మరచిన విషయ మొకటి గలదు. అమెరికాలో మూడు వృత్తులుగ లెక్కింపబడిన యీ పనులను మన పట్టణములలో తరచుగా ఒక్కడే చేయుచున్నాడు. నాటకపు రాత్రులు ఏడాదిలో ఎన్ని? శివరాత్రి, శ్రీరామనవమి, తిరునాళ్లు, దసరా. తక్కిన నెలలలో వాని పొయ్యి వెలిగించునది సూది. పగటికూలి వానిని బ్రతికించినందుననే రాత్రి వాడు మన హరిశ్చంద్రునకు గొంగడి యందించుచున్నాడు. సూది పోయిన పిమ్మట ఏడాదికి కొన్నిరాత్రుల కూలికై వాడు వేచియుండునా? వాని కుమారు డా పని నేర్చునా? యంత్రము రాత్రిపనిని ముట్టకయే చంపగలదు. మన మెదుట నున్న ప్రమాద మిదియే.

యంత్రమును ద్వేషింపుమని చెప్పుట మా యుద్దేశము గాదు. 1830లో కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందిన ఫ్రెంచి దర్జీ తిమోన్యే పారిసులో సైనికదుస్తులు కుట్టు శాలను పెట్టగా, 1831లో తోడిదర్జీలే గుంపుగా వచ్చి యంత్రములను విరుగగొట్టిరి. యంత్రము మాత్రము ఆగలేదు. మహాత్ముడు 1924లో యంత్రవ్యామోహమును ఖండించుచునే సింగరు కుట్టుయంత్రమును మినహాయించెను; అట్టి యంత్రములను జేయు కర్మాగారములు లాభాపేక్షకు గాక ప్రజల మేలునకై ప్రభుత్వాధీనమున నుండవలెననెను. యంత్రముండవచ్చునా లేదా యనునది ప్రశ్న గాదు. అది యెవరిది, దాని లాభ మెవరి యింటికి బోవును అనునదియే ప్రశ్న.

దీనికి దూరపు దృష్టాంతము వెదుక నక్కరలేదు. 1885లో కడపమండలపు సురభి గ్రామమున కీచకవధతో నారంభమైన సురభి నాటకకుటుంబములలో నటులే తెరలు గట్టుదురు, దుస్తులు కుట్టుదురు, రంగులు పూసికొందురు. అట్టి కుటుంబమున కొక యంత్రము వచ్చినచో మిగిలిన గంటలు ఆ కుటుంబమునకే మిగులును. తల్లి కన్నులకు విశ్రాంతి, బిడ్డకు పద్యము నేర్చు తీరిక దొరకును. అదే యంత్రము దూరనగరమున నొక వర్తకుని కొట్టములో నున్నపుడు, వర్తకునకు లాభము మిగులును, మన పనివానికి ఖాళీచేతులు మిగులును. యంత్ర మొక్కటే, ఫలములు రెండు.

చట్టము వీనికి అండగా నున్నదా? 1957 నాటి కాపీహక్కు చట్టమునకు 1994లో జరిగిన సవరణ ప్రదర్శకులకు ప్రత్యేకహక్కు నిచ్చినది. ఆ నిర్వచనమున నటుడు, గాయకుడు మొదలు గారడివాడు, పాములవాడు, ఉపన్యాసకుడు వరకు పేర్కొనబడిరి. నటునకు వేషము గట్టువాని పేరు లేదు. మరియు, నమోదుకు దగిన నమూనాను నమోదుచేయింపక, యజమాని గాని ఆయన యనుమతితో నింకొకరు గాని యంత్రవిధానమున 50 మారులకు మించి తయారుచేసినచో దానిపై కాపీహక్కు నశించునని 15వ సెక్షను చెప్పుచున్నది. క్రొత్తయల్లికను ఊహించిన పనివాడు ఈ సంగతి తెలియక వర్తకుని యంత్రమున కొప్పగించిన, యేబదియొకటవ కుట్టుతో ఆ హక్కు చేజారును. న్యూయార్కు బ్రాడ్వే రంగశాలలలో నటులకు వేషము దొడుగు పనివారికి ప్రత్యేకసంఘ మున్నది, ఒడంబడిక యున్నది. ఆ సంఘము జేరిన మహాసమాఖ్య 2024లో చలనచిత్రనిర్మాతలతో చేసికొన్న యొడంబడికలో కృత్రిమమేధను గూర్చిన నిబంధనలను గూడ వ్రాయించినది. మన పనివానికి నోటిమాటయే యొడంబడిక.

యంత్రపు డ్రెస్సు చౌక గదా, పేద పల్లెసమాజము తక్కువ యద్దెకు నాటక మాడుకొనును గదా యని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆ చౌకను మేమును కోరుచున్నాము. అయితే డ్రెస్సు చౌకయై, దానిని కట్టువాడు కరవైనచో, పెట్టె తెరచి తెల్లబోవుట తప్ప పల్లెవారు చేయున దేమి?

కావున నాటకసమాజముల పెద్దలు మూడు పనులు చేయవలసి యున్నది. మొదటిది: డ్రెస్సుల యద్దెలో కలిపివేయక, రాత్రిపనికి వేరుగా కూలి నిర్ణయించి కాగితముపై వ్రాసికొనవలెను, కరపత్రమున వాని పేరు వేయవలెను. రెండవది: నాటకపు పట్టణములలో పనివారు సహకారసంఘముగ నేర్పడి, తమ సొంత యంత్రమును తామే కొనునట్లు ప్రభుత్వములు తక్కువవడ్డీకి అప్పీయవలెను, వారి క్రొత్తనమూనాలు బయట బెట్టకముందే 2000 నాటి డిజైనుల చట్టము క్రింద నమోదగునట్లు న్యాయవాదులమైన మేము ఉచితముగ తోడ్పడవలెను. మూడవది: పరిషత్తులు పోటీలకు వెచ్చించు ధనములో కొంత, వృద్ధులైన పనివారి చెంత యువకులు శిష్యరికము చేయుటకు వినియోగింపవలెను.

స్వదేశివ్రత మనగా స్వదేశమున నేసిన గుడ్డను ధరించుట మాత్రమే కాదు. ఆ గుడ్డను కుట్టిన చేతిని ఎరిగియుండుట గూడ. రేపు మీ యూర నాటకమైనపుడు, తెర పడిన వెంటనే లేచిపోక, ఒక్కసారి తెరవెనుకకు వెళ్లుడు. కిరీటము విప్పి పెట్టెలో సర్దుచున్నవాని పేరడుగుడు. పని ఆ పేరుతో మొదలుకావలెను.