ఆమె ఎందుకు తిరిగి వెళ్తోంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన మహిళలను భర్త పెట్టే హింస గురించి అడుగుతారు. చెంపదెబ్బ కొట్టాడా, జుట్టు పట్టి లాగాడా, ఇష్టం లేకున్నా బలవంతం చేశాడా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంటారు. వాటితోపాటు మరో ప్రశ్న కూడా ఉంటుంది: మీ నాన్న మీ అమ్మను ఎప్పుడైనా కొట్టాడా? అవునని చెప్పినవారిలో భర్త చేతిలో హింసకు గురైనవారి శాతం, లేదని చెప్పినవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంటోంది. సర్వే విడతలు మారినా ఈ తేడా మాత్రం చెదరడం లేదు.

2019-21లో జరిగిన ఐదో విడత లెక్క ప్రకారం దేశంలో 18-49 ఏళ్ల వివాహిత మహిళల్లో 29.3 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను అనుభవించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. అదే సర్వేలో ఏదో ఒక కారణం మీద భర్త భార్యను కొట్టడం సబబేనని చెప్పిన మహిళలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో మరెక్కడా ఇంత ఎక్కువ లేదు. ఈ అంకెలు వచ్చినప్పుడు చాలామంది మన ఆడవాళ్ల వెనకబాటుతనం గురించి బాధపడి ఊరుకున్నారు. ఆ మాట ఒక ఆడమనిషి నోట పలకడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుంది, ఏ వయసులో అది ఆమె లోపలికి ఇంకి ఉంటుంది అన్న ఆలోచన దాకా చర్చ వెళ్లలేదు.

ఆ ఆలోచనకు పునాది వేసినవాడు బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూ తల్లీ దూరమైన పిల్లల స్థితిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఆయన రాసిన నివేదిక 1951లో వచ్చింది. పసిబిడ్డకు పాలు ఎంత అవసరమో, భయమేసినప్పుడు పరుగెత్తి చేరుకోవడానికి ఒక మనిషి ఉండటం కూడా అంతే అవసరమని ఆయన వాదించారు. ఆయన సహ పరిశోధకురాలు మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డలను గమనించి, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక పరీక్ష రూపొందించారు. ఏడాది వయసు బిడ్డను కొత్త గదిలో ఆడుకోనిస్తారు. తల్లి కాసేపు బయటికి వెళ్లి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన తల్లి దగ్గరికి బిడ్డ ఎలా వెళ్తుందన్నదే పరీక్ష. చాలామంది పిల్లలు ఏడుస్తూ వచ్చి చంకెక్కి, కాసేపటికి ఊరట పొంది మళ్లీ ఆటలో పడతారు. కొందరు ముఖం తిప్పుకుంటారు. కొందరు ఎత్తుకున్నా ఏడుపు ఆపరు.

ఈ మూడింట్లో దేనికీ ఒదగని పిల్లలు కొందరు కనిపించారు. వాళ్లను ప్రత్యేకంగా పరిశీలించింది ఐన్స్‌వర్త్ శిష్యురాలు మేరీ మెయిన్. ఆ బిడ్డ తల్లి వైపు నాలుగడుగులు వేసి మధ్యలో బిగుసుకుపోతుంది. లేదా మొహం పక్కకు తిప్పుకుని వెనక్కి వెనక్కి జరుగుతూ దగ్గరికి వస్తుంది. భయపెట్టేదీ, భయమేస్తే కావలించుకోవాల్సిందీ ఒకే మనిషి అయినప్పుడు ఏడాది బిడ్డ చేయగలిగింది అంతే. పారిపోలేదు, దగ్గరికీ రాలేదు. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్లో ఈ తీరు చాలా ఎక్కువగా కనిపిస్తుందని తర్వాతి పరిశోధనలు పదేపదే చెప్పాయి.

ఇప్పుడు ముప్పై ఏళ్ల స్త్రీ సంగతి చూద్దాం. రాత్రి కొట్టాడు, పొద్దున పిల్లను తీసుకుని బస్సెక్కింది, మూడో రోజు ఆయనే వచ్చి ఏడ్చాడు, కాళ్లు పట్టుకున్నాడు, ఆమె తిరిగి వెళ్లింది. చుట్టుపక్కలవాళ్లు విసుక్కుంటారు. స్టేషన్‌లో కూడా మాటలు పడుతుంది: ‘వాడితోనే ఉంటానంటే మేమేం చేస్తామమ్మా?’ ఆమె చెప్పే జవాబు మనందరం విన్నదే: ‘తాగితేనే అట్లా చేస్తాడు, తాగకపోతే బంగారమే.’ ఇది తెలివితక్కువతనమని చాలామంది అనుకుంటారు. కెనడా మనస్తత్వవేత్తలు డొనాల్డ్ డటన్, సుసాన్ పెయింటర్ హింసాపూరిత సంబంధాలను వదిలి వచ్చిన మహిళలతో మాట్లాడి తేల్చింది వేరు. రోజూ ఒకే తీరుగా క్రూరంగా ఉండే మనిషి కన్నా, కొట్టి ఆ వెంటనే లాలించే మనిషితో ముడి గట్టిగా పడుతుంది. ఒంటి మీద బలం, చేతిలో డబ్బు అంతా ఒకరి వైపే ఉన్నప్పుడు ఆ ముడి మరింత బిగుస్తుంది. విడిపోయి నెలలు గడిచినా అది పూర్తిగా ఊడదు. చిన్నప్పుడు కొట్టిన చేతి దగ్గరే ఓదార్పు వెతుక్కోవడం అలవాటైన మనిషికి ఇది కొత్త చోటు కాదు. శరీరానికి ఆ దారి తెలుసు.

ఇక్కడే చాలా జాగ్రత్తగా ఉండాలి. పాశ్చాత్య దేశాల్లో బౌల్బీ సిద్ధాంతాన్ని పెద్దవాళ్ల ప్రేమ సంబంధాలకు వర్తింపజేయడం 1987లో సిండీ హాజన్, ఫిలిప్ షేవర్‌ల పరిశోధనతో ఊపందుకుంది. ఆ తర్వాత అది చాలా పుస్తకాల్లోకి, ఇప్పుడు మన యూట్యూబ్ ఛానళ్లలోకి ఒక వంకర రూపంలో దిగింది: చిన్నప్పుడు గాయపడ్డ స్త్రీలు అలాంటి మగవాళ్లనే వెతికి ఎంచుకుంటారట. తెలుగు నేల మీద ఈ మాట నిలవదు. మన పెళ్లిళ్లలో ఎక్కువ శాతం పెద్దలు కుదిర్చినవే. సంబంధం చూసింది మేనమామ, వాకబు చేసింది తండ్రి, ముహూర్తం పెట్టింది పురోహితుడు. ఆ అమ్మాయి ఎంచుకున్నదేమిటి? గాయపడ్డ బాల్యం ఆమెకు మొగుణ్ని వెతికిపెట్టలేదు. అది చేసిన పని వేరే ఉంది: ఏది హింసో గుర్తించే కొలతను మార్చేసింది, ఎవరికి చెప్పుకోవాలన్న ప్రశ్నకు ‘ఎవరికీ వద్దు’ అనే జవాబు ముందే రాసిపెట్టింది. భర్త లేదా ఇంకెవరి చేతిలోనైనా శారీరక, లైంగిక హింసకు గురైన మహిళల్లో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదని, ఎవరితోనూ చెప్పలేదని ఐదో విడత సర్వే చెబుతోంది. చిన్నప్పుడు ఏడిస్తే ‘నోర్ముయ్’ అన్న ఇల్లు పెద్దయ్యాక కూడా నోరు మూయిస్తూనే ఉంది.

1990లలో అమెరికాలో ఫెలిట్టి, ఆండా బృందం పదిహేడు వేల మందికి పైగా పెద్దవాళ్ల బాల్యాన్ని ఆరా తీసిన అధ్యయనం సంగతి చాలామందికి తెలుసు. దాని కొనసాగింపుగా 2003లో వచ్చిన ఒక విశ్లేషణ గురించి తక్కువ మందికి తెలుసు. ఒంటి మీద దెబ్బలు, లైంగిక వేధింపు, తల్లి దెబ్బలు తినడం కళ్లారా చూడటం, ఈ మూడూ బాల్యంలో అనుభవించిన స్త్రీలు పెద్దయ్యాక భాగస్వామి హింసకు గురయ్యే ముప్పు మూడున్నర రెట్లు ఎక్కువ. అవే మూడూ అనుభవించిన మగవాళ్లు భాగస్వామిపై చెయ్యెత్తే ముప్పు 3.8 రెట్లు. ఒకే రకం ఇంటి నుంచి ఒకరు దెబ్బ తినడానికి, ఇంకొకరు కొట్టడానికి తయారవుతున్నారు. అతని బాల్యాన్ని అర్థం చేసుకోవచ్చు, కానీ దాన్ని సాకుగా ఒప్పుకోకూడదు. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ దించే వీలు అతనికి ఉంది.

బౌల్బీ చెప్పిన సురక్షిత స్థావరం, అంటే భయమేస్తే పరుగెత్తి చేరుకునే చోటు, మన అమ్మాయిలకు పెళ్లి తర్వాత ఎక్కడుంటుంది? న్యాయంగా అయితే పుట్టింట్లో ఉండాలి. దెబ్బలు తిని వచ్చిన కూతురికి తల్లి అన్నం పెడుతుంది, నూనె రాస్తుంది, నాలుగో రోజు చీర పెట్టి పంపిస్తుంది. ‘ఆడపిల్లవి, నువ్వే సర్దుకుపోవాలి’ అంటుంది. ఆ తల్లిని కఠినాత్మురాలు అనలేను. ఆమెను కూడా ఇలాగే పంపి ఉంటారు, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందన్న భయమూ ఉంటుంది. అయినా కూతురికి అందేది మాత్రం మేరీ మెయిన్ చూసిన బిడ్డకు అందిన పాఠమే. ఆదుకోవాల్సిన చోటే మళ్లీ ప్రమాదం వైపు తోస్తోంది.

అందుకే ఈ విషయాన్ని మనసుకు చికిత్స దగ్గర ఆపేస్తే సగమే మాట్లాడినట్టు. తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ 500 మంది మహిళలతో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇల్లు గానీ భూమి గానీ తన పేరిట లేని మహిళల్లో 49 శాతం మంది భర్త చేతిలో శారీరక హింసను ఎదుర్కొన్నారు. రెండూ ఉన్నవారిలో అది 7 శాతమే. కాలు పెట్టడానికి సొంత గడప ఉన్న స్త్రీ మీద చెయ్యి అంత తేలిగ్గా లేవదు, లేచినా ఆమె ఆ రాత్రికి ఎక్కడ పడుకోవాలో వెతుక్కోవక్కర్లేదు. పూర్వీకుల ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది. కేంద్ర చట్టంలో ఆ సవరణ రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. మనం అంత ముందున్నాం. తర్వాత ఏం జరిగిందో మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర నిలబడితే తెలుస్తుంది. అన్నదమ్ములు కారులో తీసుకొస్తారు, హక్కు విడుదల దస్తావేజు మీద అక్కచెల్లెళ్లు సంతకాలు పెడతారు, పసుపు కుంకుమల కింద ఏదో చేతిలో పెడతారు. పుట్టింటితో మాటలు పోకూడదన్న ఆశతోనే చాలామంది ఆ సంతకం చేస్తున్నారు. ప్రేమ పోతుందేమోనన్న భయంతో తలుపు తాళంచెవి ఇచ్చేస్తున్నారు.

ఇక ప్రభుత్వం ఇచ్చే స్థావరం. 2005 గృహ హింస చట్టం కొట్టడాన్నే కాక తిట్టడం, డబ్బు ఆపడం కూడా హింసే అంది. భర్త ఇంట్లోనే ఉండే హక్కు ఇచ్చింది. దరఖాస్తును మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని మెజిస్ట్రేట్‌కు చెప్పింది. ఆ గడువు కాగితం మీదే ఉండిపోతోంది. సఖి కేంద్రాల్లో బాధితురాలికి తాత్కాలిక వసతి ఐదు రోజులే. ముప్పై ఏళ్లుగా ఎవరినీ నమ్మడం నేర్వని మనిషి ఐదు రోజుల్లో కౌన్సెలర్‌కు మనసు విప్పుతుందా? పైగా విడిపోయే రోజులే ప్రాణానికి ఎక్కువ ప్రమాదమని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ రోజుల్లోనే మనం ఆమెను సంచీ సర్దుకోమంటున్నాం. కౌన్సెలింగ్ పేరుతో చాలాచోట్ల జరిగేది రాజీ. ఇకపై కొట్టనని ఆయన తెల్లకాగితం మీద రాసిస్తాడు, ఆమె వేలిముద్ర వేస్తుంది, కేసు ముగిసిందని నమోదవుతుంది. కొట్టి లాలించే ఆ చక్రానికి ప్రభుత్వమే ముద్ర వేస్తోంది. తిరిగి వెళ్లిన మహిళ రెండోసారి, ఐదోసారి వచ్చినా అదే ముఖంతో పలకరించే ఒకే కౌన్సెలర్ ఉండాలి. అలా నెలల తరబడి నిలిచే మనిషి దొరికితేనే ఆమెలో కొత్త నమ్మకం మొలుస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం, జీతం ఎప్పుడొస్తుందో తెలియని కౌన్సెలర్ అలా నిలవగలదా అన్నది బడ్జెట్ రాసేవాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

బాల్యంలో దెబ్బలు తిన్నవారంతా అదే దారిలో నడవరు. 1988లో బైరన్ ఎగ్‌లాండ్ బృందం మిన్నెసోటాలో చిన్నప్పుడు హింసకు గురైన తల్లులను పరిశీలించింది. తమ బిడ్డలపై ఆ హింసను కొనసాగించని తల్లుల జీవితాల్లో మూడు విషయాలు ఎక్కువగా కనిపించాయి: చిన్నప్పుడు ఆప్యాయంగా చూసుకున్న ఒక పెద్దమనిషి, ఎప్పుడో ఒకప్పుడు అందిన మానసిక చికిత్స, నెమ్మదైన జీవిత భాగస్వామి. మొదటిది మన చేతుల్లో ఉంది. అంగన్‌వాడీ టీచర్ ఆ మనిషి కావచ్చు. కస్తూర్బా విద్యాలయాల హాస్టల్ వార్డెన్ కావచ్చు. వీటికి కొత్త పథకం అక్కర్లేదు, ఉన్నవాళ్లకు తీరిక, శిక్షణ ఇస్తే చాలు.

గృహ హింస ఫిర్యాదు రాసే నమూనాలో పిల్లల వివరాలకు చోటుంది. పేరు, వయసు, ఎవరి దగ్గర ఉంటున్నారు, అంతే. స్టేషన్ బల్ల మీద తల్లి పక్కన కూర్చుని అన్నీ వింటున్న ఏడేళ్ల పిల్లతో మాట్లాడే బాధ్యత ఆ కాగితం ఎవరికీ అప్పగించదు. ఫిర్యాదు నమోదైన వారంలోగా బాలల విషయంలో శిక్షణ ఉన్న మనిషి ఒకరు ఆ పిల్లను కలవాలి. తల్లి ఒప్పుకుంటే బడిలో ఒక్క టీచరుకు విషయం తెలియాలి. తల్లి కాపురానికి తిరిగి వెళ్లినా, వెళ్లకపోయినా ఆ కలవడం ఆగకూడదు.