పది పద్యాలు చాలు

“మాస్టారూ, ఈ వేసవిలో భారతం పద్ధెనిమిది పర్వాలూ చదివేస్తాను!” అని మా విద్యార్థులు ఏటా ప్రతిన పడుతూంటారు. ఆదిపర్వం సగమైనా కాకముందే ఉత్సాహం చల్లారుతుంది. ఆపైన పద్యమంటేనే భయం పట్టుకొంటుంది. నా దిగులల్లా ఆ భయం గురించే.

విరాటపర్వంతో మొదలుపెట్టండి. తిక్కన సోమయాజి అంతటివాడే నన్నయ ఆపిన చోటు విడిచి, అక్కడినుంచి ఎత్తుకొన్నాడు! అయిదే ఆశ్వాసాలు. రోజుకు పది పద్యాలు, దీపాలు పెట్టే వేళ, గొంతెత్తి చదవండి. తెలియని మాట కింద గీత గీసి సాగిపొండి; నిఘంటువు ఆదివారం చూడవచ్చు. ఒకనాడు తప్పితే మర్నాడు ఇరవై వద్దు, మళ్ళీ పదే. (వానలకోసం ఊళ్ళలో విరాటపర్వం చదివించేవారు, కురిస్తే అదొక లాభం.) కీచకుడి ఘట్టం చేరాక, పుస్తకం మూయమన్నా మీరు మూయరు. ఉద్యోగపర్వం మాట అప్పుడు చూద్దాం.